దీపాలార్పాక హాజరు

"ఉడతా..."

చిలక కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి. పాత హాస్టలు వరండా చివర్నుంచి ఎవరో పిలిచారు. మళ్లీ పిలిచారు... మెల్లగా, నిద్రలో ఉన్న పిల్లాణ్ణి లేపుతున్నట్టు.

తనతో చదివిన ఉడత పోయి ఇరవై రెండేళ్లు.

చచ్చినవాడు హాజరు పలికిన హాలని ఆ హాస్టలుకి పేరు. అప్పుడు పడ్డ తాళం మళ్లీ తియ్యలేదు. పట్టపగలు కూడా వాచ్‌మన్ అటు తొంగి చూడడట. పాత విద్యార్థులంతా ఇవాళ బడిలో కలిస్తే అవే ముచ్చట్లు — లెక్కల మాస్టారి చెవి మెలికలు, డ్రిల్లు మాస్టారి ఈల, చివరికి ఉడత దెయ్యం. మగాడివైతే వెళ్లి ఆ తలుపు తట్టి రారా అని ఎవడో చిలకని రెచ్చగొట్టాడు. నవ్వుతూనే లేచాడు. ఆ నవ్వు సగం దారిలోనే ఆరిపోయింది.

సంగతేమిటంటే — వాళ్ల వార్డెను మాస్టారిది ఓ వింత పద్ధతి. రాత్రి తొమ్మిదింటికి దీపాలార్పించి, ఆ చీకట్లో వరండా వెంట నడుస్తూ హాజరు పిలిచేవారు. అన్నీ ముద్దుపేర్లే. మంచం మీంచే 'ఉన్నా మాస్టారూ' అనాలి. మొహాలతో నాకేం పనిరా, మీ గొంతులు నాకు తెలీవా అని మీసం మెలేసేవారు.

ఆ రాత్రి ఉడతని పిలిస్తే ఉడత పలికాడు. తెల్లారి క్వారీ గుంటలో తేలాడు. డాక్టరు చూసి, ముందురోజు పొద్దుగూకకముందే ప్రాణం పోయిందన్నాడు...

పలికాడు, నా చెవులారా విన్నానని మాస్టారు మొత్తుకున్నారు. హాజరు పిలవకుండానే పిలిచానంటున్నాడని ఉద్యోగం ఊడబీకారు. పిల్లలేమో దెయ్యమన్నారు.

చిలక ఒక్కో అడుగే వేశాడు. పాలిపోయిన వెన్నెల్లో స్తంభాల నీడలు మంచాల్లా వరసగా పడుకున్నాయి. ఆ చివర — కిటికీ ఊచ పట్టుకుని, లోపలికి చెవి ఒగ్గి, వంగిపోయిన ఓ మనిషి.

మాస్టారే.

"ఎవర్రా అది?"

"నేను మాస్టారూ... చిలకని."

"ష్... వాడు వింటాడు." ముసలి గొంతు గాలిలో కలిసిపోయేలా ఉంది. "ఆ రాత్రి నాకు చెప్పిపోడానికే వచ్చాడ్రా. లోకమంతా అబద్ధాలకోరు అన్నా, ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను."

మళ్లీ పిలిచారు. లోపల ఎక్కడో ఓ తలుపు కిర్రుమంది... అంతే. మాస్టారి భుజాలు జారిపోయాయి.

ఎవరి గొంతైనా ఇట్టే దించేస్తాడనే కదా వాణ్ణి చిలక అన్నారు! ఇప్పుడు బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల వేళలు చెప్పే గొంతే అయినా, పదమూడేళ్ల ఉడత సన్నపలుకు ఇంకా నాలుక చివరే ఉంది. స్తంభం చాటుకెళ్లి ఒక్క మాట అంటే చాలు — ముసలాయన గుండె నిండి ఇంటికెళ్తారు. చాటుకి జరిగాడు కూడా. నోరు తెరిచాడు. తన గొంతులో ఉడత ఊపిరి తీసుకున్నట్టయింది...

తన గొంతంటే తనకే ఒళ్లు జలదరించింది.

వెనక్కొచ్చి, ఊచ మీదున్న ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వాడు రాలేదు మాస్టారూ. ఈతకెళ్తున్నా, ఆలస్యమైతే నా బదులు పలకరా అని చెప్పి వెళ్లాడు. మిమ్మల్ని పంపించేస్తున్నా నేను నోరు విప్పలేదు... ఆ రాత్రి వాడి గొంతుతో పలికింది నేనే."