మంగళవారం ఎనిమిది గంటల జట్టు

రైల్వే వీధి బడి ఆటల హాలు పక్కనుంచి మంగళవారం రాత్రి ఎనిమిది దాటాక ఎవరూ నడవరు. మైనస్ ముప్పై చలిలో కూడా ధాన్యం గోదాముల మీదుగా చుట్టు తిరిగి ఇళ్ళకు పోతారు. ముక్కు గడ్డకట్టి ఊడిపడినా సరే, ఆ కిటికీల కింద నుంచి మాత్రం పోరు.

ఎందుకంటే... సరిగ్గా ఎనిమిదింటికి లోపల దీపాలు వాటంతటవే వెలుగుతాయి. వేసిన తాళం వేసినట్టే ఉంటుంది. బయట ఒక్క కారుండదు. మంచు మీద ఒక్క అడుగు జాడ ఉండదు. కాసేపటికి చప్పుడు మొదలవుతుంది — దబ్... దబ్... దబ్... ఎవరో బంతి కొడుతున్నట్టు. పదింటికి దీపాలు ఆరిపోతాయి.

ఆరేళ్ళుగా ఇదే తంతు. కెనడాలోని మానిటోబాలో ఓ మూల ఉన్న కార్వెల్ అనే ఆ ఊళ్ళో బస్సులకి టైము లేదు గానీ దెయ్యానికి ఉందని జనం చెప్పుకుంటారు.

లోరెట్టా వీబ్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆమెది సిటీ ఆఫీసులో, అంటే ఊరి మునిసిపాలిటీలో, ఉద్యోగం. ఊళ్ళో ఏ ఆటస్థలం ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు అన్న ప్రణాళికలు వేయడం ఆమె పని. ఆ పని ఇరవై ఏళ్ళు చేసినవాళ్ళని ఏ దెయ్యమూ కొత్తగా భయపెట్టలేదు.

ఆటల హాళ్ళు సిటీకీ బడి బోర్డుకీ ఉమ్మడి. పగలు బడి పిల్లలవి, సాయంత్రం ఆరు దాటితే ఊరివి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. ఆ హాళ్ళలో బల్బు పోతే సిటీ మారుస్తుందని బోర్డూ, బోర్డు మారుస్తుందని సిటీ ఎదురుచూస్తాయి.

ఈ ఏడు ఆ ఉమ్మడి ఒప్పందం తిరగరాస్తున్నారు. హైవే పక్కన కొత్త క్రీడాభవనం వస్తోంది. మంచు మీద ఆటలకి రెండు రింకులు, ఓ వేదిక, విందులకి ఓ పెద్ద గది. అందుకని జనం రాని పాత హాళ్ళని కూల్చెయ్యాలని రెండు వర్గాలూ ఒక్క మాట మీదకొచ్చాయి. కూల్చడంలో మాత్రం వాళ్ళెప్పుడూ కలిసే ఉంటారు.

నిలబడాలంటే హాలుకి వారంలో ఐదు జట్లు రావాలి. ఆ ఐదు అన్న అంకె వేసింది లోరెట్టాయే.

రైల్వే వీధి హాలుకి నాలుగు జట్లు ఖాయం. ఐదోది మంగళవారం ఎనిమిది గంటల మహిళల వాలీబాల్. తలుపు పక్కన అట్టకి తగిలించిన హాజరు కాగితంలో ప్రతి వారం ఊదా సిరాతో ఒకే వరస. జనం: పన్నెండు. సంతకం: ఇ. డిక్.

ఆ జట్టు నడిపిన ఎడ్నా డిక్ చచ్చిపోయి ఆరేళ్ళయింది. లోరెట్టా ఆ అంత్యక్రియలకి వెళ్ళింది కూడా. చర్చి కింద గదిలో బన్నూ చీజూ తిని, కాఫీలో చక్కెర బిళ్ళ ముంచుకుని, కళ్ళు తుడుచుకుని వచ్చింది. తనకి తొమ్మిదో ఏట ఆ హాల్లోనే సర్వ్ చేయడం నేర్పింది ఆవిడే. "మోచెయ్యి వంచకు పిల్లా!" అని ఆవిడ అరిస్తే పైకప్పు రేకులు అదిరేవి.

ఇప్పుడు ఆ పైకప్పుని పడగొట్టే జాబితా తన చేతుల్లోనే ఉంది. లోరెట్టాకి సిగ్గేసింది.

నియమం ప్రకారం ఒక మనిషి వెళ్ళి, హాల్లో నిలబడి, వచ్చినవాళ్ళని కళ్ళారా చూసి లెక్కపెట్టాలి. రెండు వారాలు చూసి, ఎక్కువున్న లెక్క తీసుకోవాలి. కనీసం పదిమంది ఉండాలి. మంగళవారానికి ఆఫీసులో ముగ్గుర్ని అడిగింది. ఒకరికి జలుబు, ఒకరికి పెళ్ళిరోజు. మూడో ఆయన సాకు కూడా చెప్పలేదు, తల అడ్డంగా ఊపాడు. బతికుంటే బలుసాకు తినొచ్చన్న ధోరణి.

"నేనే పోతాలే" అంది లోరెట్టా.

జనవరి. ఎనిమిదికి ఐదు నిమిషాలు. తాళం తీసి లోపలికెళ్ళింది. చీకటి. రబ్బరు బూట్ల వాసన, నేల పాలిష్ వాసన. చేతిలైటు వెలుగులో హాజరు కాగితం చూసింది. కిందటి వారం వరసలో పన్నెండు, ఇ. డిక్. పక్కన 'ఏమైనా చెప్పాలా' అన్న గడిలో — వల రెండు వేళ్ళు కిందికి దిగింది.

ఈ వారం గడి ఖాళీగా ఉంది.

ఎనిమిదయింది.

టక్... మొదటి వరస దీపాలు. టక్... రెండో వరస. టక్... మూడోది. ఎవరూ మీట నొక్కలేదు. మీట పక్కనే ఆమె నిలబడి ఉంది.

తర్వాత ఎక్కడో గోడ లోపల ఒక నిట్టూర్పు... వేడిగాలి ఆమె మెడ మీద తగిలింది. ఆపైన —

దబ్.

లోరెట్టా నోట్‌బుక్కు గుండెకి హత్తుకుంది.

దబ్... దబ్...

మెట్ల వైపు తలుపు కిర్రుమంది. ఒక పొడుగాటి నీడ నేల మీద పాక్కుంటూ వచ్చింది.

"అమ్మాయ్, కాఫీ తాగుతావా?"

ఓరెస్ట్ హ్రిచుక్. ఆ బడికి ముప్పై నాలుగేళ్ళుగా కేర్‌టేకర్. చేతిలో ఫ్లాస్కు.

"మీరా!" లోరెట్టా నోట్‌బుక్కు కిందికి దించింది. "దీపాలు... ఎవరు వేశారు?"

"దెయ్యం కాదులే, బుకింగ్" అన్నాడాయన మూత తిప్పుతూ. "క్యాలెండర్‌లో ఏ గంటకి జట్టు పేరుంటే ఆ గంటకి దీపాలూ హీటరూ వాటంతటవే వస్తాయి. మీ ఆఫీసువాళ్ళు పెట్టించిందేగా."

"మరి ఆ చప్పుడు?"

"గొట్టం రేకు. వేడెక్కితే సాగుతుంది. ముసలి మోకాళ్ళలాంటిదే."

లోరెట్టాకి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "ఆవిడ పోయి ఆరేళ్ళయింది! బుకింగ్ ఎందుకు తియ్యలేదెవరూ?"

"పాత జట్టుకి తన గంట మీద మొదటి హక్కు. ప్రతి సెప్టెంబరులో దానంతటదే కొత్త ఏడాదికి పోతుంది. ఆపాలంటే జట్టు పెద్ద స్వయంగా ఉత్తరం రాయాలి." ఆయన కాఫీ ఊదుకున్నాడు. "ఎడ్నా రాయలేదు."

ఆ నియమమూ లోరెట్టా రాసిందే.

ఎనిమిదింబావుకి హాలు నడిమధ్య నిలబడి చుట్టూ చూసింది. నోట్‌బుక్కులో సున్నా వేసింది.

ఊదా సిరా పన్నెండు ఎవరి పనో ఆమెకి అర్థమైపోయింది. హాలు మీద ప్రేమకొద్దీ ఈ ముసలాయనే రాస్తున్నాడు. అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే చెప్పేస్తాడు. చెప్తే తను రిపోర్టులో పెట్టాలి. పెడితే వచ్చే జూన్‌లో రావలసిన ఆయన పింఛనుకి చిక్కు. అందుకని అడగలేదు.

మర్నాడు బుధవారం పొద్దున, సోమవారాల బ్యాడ్మింటన్ జట్టు నడిపే మారివిక్ దులాయ్ సిటీ ఆఫీసుకే వచ్చేసింది. వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి, ఆ బట్టల్లోనే.

"అక్కా, మా వీధి హాలు కూల్చేస్తారంట, నిజమేనా?"

"ఐదు జట్లు లేవు మారివిక్. నాలుగే ఉన్నాయి."

"హైవే మీదకి ఏడు దాటితే బస్సు లేదక్కా. మా వీధిలో సగం మందికి కారే లేదు. పిల్లల్ని ఆ చలిలో నడిపించుకు పొమ్మంటారా? అక్కడ రింకులు రెండు కాదు, ఇరవై కట్టండి, మాకేం లాభం?"

లోరెట్టా బల్ల మీది జాబితాని పక్కకి జరిపింది.

"సరే, ఇంకో జట్టు పెడతాం. ఫారం ఇవ్వండి" అంది మారివిక్.

"కొత్త జట్ల ఫారాలు ఏప్రిల్‌లో. జాబితా తేల్చే సమావేశం పై వారం శుక్రవారం."

"మీ నియమాలకి మొక్కాలి తల్లీ!"

మారివిక్ తలుపు దాకా వెళ్ళింది. అప్పుడు లోరెట్టాకి తట్టింది. తను రాసిన నియమాలు తనకి ఉరితాళ్ళయ్యాయి గానీ, ఒకదానికి మాత్రం ముడి వదులుగా ఉంది.

"ఆగు. కొత్త జట్టుకే ఫారం. పాత జట్టులో చేరడానికి ఏ ఫారమూ అక్కర్లేదు... వచ్చి ఆడితే చాలు."

"ఏ జట్టు?"

"మంగళవారం ఎనిమిది గంటలది."

మారివిక్ మెడలో సిలువని పట్టుకుంది. "అక్కా... అది వాళ్ళది కదా."

"గొట్టం రేకు" అంది లోరెట్టా గట్టిగా. "నేను చూశాను."

"ఓరెస్ట్ బాబాయ్ ఉంటాడా?"

"ఉంటాడు. కాఫీ కూడా ఇస్తాడు."

తర్వాతి మంగళవారం ఎనిమిదికల్లా వీధి వీధంతా కదిలొచ్చింది. ఆట కోసమని వచ్చినవాళ్ళు పదిమంది ఉంటారేమో, మిగతావాళ్ళంతా దెయ్యాన్ని చూద్దామని వచ్చారు. ఒంటరిగా పోతే గుండె ఆగుతుంది గానీ గుంపుగా పోతే అదో తిరునాళ్ళ. దీపాలు టక్, టక్, టక్‌మని వెలిగితే కేకలు. గొట్టం దబ్‌మంటే చప్పట్లు. మారివిక్ పెద్ద గిన్నెడు నూడుల్స్ తెచ్చింది. వల కట్టారు, జట్లు విడగొట్టుకున్నారు, కాసేపటికి దెయ్యం సంగతే మర్చిపోయి పాయింట్ల దగ్గర పోట్లాడుకున్నారు.

ఎనిమిదింబావుకి లోరెట్టా ఒకసారి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తననీ ఓరెస్ట్‌నీ వదిలేసి నలభై ఒకటి. హాలు నిలబడింది. ఏడుపొచ్చినంత పనైంది ఆమెకి.

"నువ్వూ ఓ సర్వ్ వెయ్యక్కా!" అని మారివిక్ బంతి విసిరింది. లోరెట్టా వేసింది. బంతి వలకి తగిలి కింద పడింది. అందరూ నవ్వారు.

పదింటికి జనం ఇళ్ళకి పోయారు. గోదాముల వైపు చుట్టు తిరక్కుండా, నేరుగా కిటికీల కింద నుంచే. దీపాలు ఒక్కో వరసా ఆరిపోయాయి. లోరెట్టా చేతిలైటు వేసి, అట్ట మీంచి హాజరు కాగితం తీసింది. కిందటి మంగళవారం గడిలో పన్నెండు ఉంది. తను సున్నా వేసిన రోజు.

ఓరెస్ట్‌ని మందలించక తప్పదనుకుంది. ఆ కింద ఈ రాత్రి గడి చూసింది.

జనం: యాభై మూడు. సంతకం: ఇ. డిక్.

ఊదా సిరా ఇంకా తడిగా ఉంది.

"ఓరెస్ట్ గారూ," అంది మెల్లగా, "ఇక ఈ పన్నెండు కలపడం ఆపండి. నలభై ఒకటి చాలు మనకి."

ఓరెస్ట్ ఊడుస్తున్నవాడల్లా ఆగాడు. "నేనెక్కడ కలిపాను?"

"ఆరేళ్ళుగా మీరేగా రాస్తున్నది?"

"నేనా? ఆ కాగితం సిటీది అమ్మాయ్, నేను ముట్టుకోను. మీవాళ్ళే ఎవరో వచ్చి రాసిపోతున్నారనుకున్నా. వల దిగిందని రాస్తే, బుధవారం పొద్దున్నే పైకి బిగిస్తున్నా కూడా."

"మావాళ్ళెవరూ రాలేదు... బడివాళ్ళే అనుకున్నాం."

ఇద్దరూ తలెత్తి పైకి చూశారు. గొట్టం రేకు చల్లబడి నిశ్శబ్దంగా ఉంది.

రిపోర్టులో లోరెట్టా నలభై ఒకటే రాసింది. కళ్ళారా చూసిన లెక్కే రాయాలి, అది నియమం. కానీ ఆ రాత్రి కాగితం మడవబోతూ చివరన 'ఏమైనా చెప్పాలా' గడి చదివింది. వల గురించి ఏమీ లేదు.

కొత్తవాళ్ళు ఫరవాలేదు. లోరెట్టా మోచెయ్యి ఇంకా వంచుతోంది.

ఆమె చీకటి హాలు వైపు చూసింది. చేతిలైటు ఓరెస్ట్ చేతికిచ్చి, కుడి చెయ్యి ముందుకు చాపి, మోచెయ్యి సాపుగా పెట్టింది.