చల్లారిన పొగగొట్టం

డాక్ ఇన్‌స్పెక్టర్ శవం తెల్లారేసరికి కురె రేవులో తేలింది. మెడ చుట్టూ తువ్వాలు బిగించి ఉంది. కాలు జారి పడ్డాడని ఊళ్ళో చెప్పుకోవచ్చు గానీ, నేవీ ఇంటెలిజెన్స్ ఏజెంట్ హగివార దగ్గర ఆ మాట చెల్లదు. అతను శవం అరచేతులు తిప్పి చూశాడు. అంతసేపు నీళ్ళలో నానినా గీతల్లోంచి మసి వదల్లేదు. ఆ ఇన్‌స్పెక్టర్ పని ఓడల రంగు చూడడం. రంగులు చూసేవాడికి మసితో ఏం పని?

అతని పై అధికారి కెప్టెన్ నగురకు ముందుమాటల అలవాటు లేదు.

"నలభై ఒకటో నంబరు గస్తీ బోటు. ఇవాళ సాయంత్రం సైనికులతో బయల్దేరుతోంది. ఓడలు పేల్చే ఆ 'కొంగ' ముఠా దాన్ని రేవులోనే పేల్చెయ్యబోతోంది. బాంబు ఎక్కడుందో, పెట్టినవాడెవడో తెలీదు. గోల లేకుండా తేల్చు."

"ప్రయాణం ఆపిస్తే?"

"ఆపే అధికారం నాకు లేదు. నీకు అసలే లేదు."

గస్తీ బోటు అన్నది పెట్టుడు పేరు. ఇరవై ఏళ్ళ కిందట అది 'నెము' అనే డిస్ట్రాయర్. నెము అంటే మన నిద్రగన్నేరు. ముసలిదైందని టార్పెడోలు పీకేశారు, రెండు బాయిలర్లలో ఒకటి పీకేశారు, చివరికి పేరు కూడా పీకేసి నంబరు తగిలించారు. సైనికుల పడవలు దించడానికి వెనకభాగాన్ని నీళ్ళలోకి ఏటవాలుగా కోసేశారు. ముందరి పొగగొట్టం కింద ఇప్పుడు నిప్పు లేదు. అయినా దూరం నుంచి చూసేవాడు డిస్ట్రాయరని భయపడాలని దాన్ని అలాగే నిలబెట్టారు. బాయిలర్ తీసేసిన గదిలో బల్లలు వేసి సైనికులను కూర్చోబెడుతున్నారు. యుద్ధం ఎవరినీ రిటైర్ కానివ్వదు, ఇనుమును కూడా.

ఓడ ఎక్కేముందు హగివార ఆఫీసర్లు భోంచేసే 'మత్సుబ'కు వెళ్ళాడు. అక్కడ వడ్డించే కినుయొ డబుల్ ఏజెంట్. కబుర్లు నేవీకీ అమ్ముతుంది, కొంగ ముఠాకీ అమ్ముతుంది. అసలు సరుకు తమకే ఇస్తోందని ఇద్దరూ నమ్ముతారు. ఊదారంగు కిమోనోలో ఆమె టీ పోస్తుంటే అడ్మిరల్ అయినా గిన్నె వంక చూడడు.

"ఈ ఏడు వాన ముందే వచ్చింది," అన్నాడు హగివార. కోడ్ అది.

"గొడుగులవాళ్ళకు పండగే," అంది కినుయొ. ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించింది. "హగివార గారూ, మీ తమ్ముడు షుజో ఆ బోటులోనే వెళుతున్నాడు. మీ కెప్టెన్ చెప్పలేదు కదూ?"

అతను గిన్నె కింద పెట్టాడు.

"అది తిరిగొచ్చే బోటు కాదు. దీవి దగ్గర పగడపు దిబ్బ మీదకి ఎక్కించెయ్యమని ఆర్డరు. ముసలి ఓడే కదా, పోతే పోయిందని. దిబ్బకు ఎదురుగా అవతలివాళ్ళ ఫిరంగులున్నాయి. మావాళ్ళ బాంబు వీడ్కోలుకు సాకే, అదే బియ్యపు సారా, తాగే వేళకు పేలుతుంది. అందరూ రేవు మీద వరసగా నిలబడి ఉంటారు, ఓడ ఖాళీగా ఉంటుంది. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకపోతే చాలు."

"ఇన్‌స్పెక్టర్ని చంపినవాళ్ళ మాట నమ్మమంటావా?"

"నమ్మొద్దు. ఓడెక్కి చూడండి. వాళ్ళందరి గోళ్ళూ జుట్టూ తీయమన్నారో లేదో చూడండి."

తీయమన్నారు. శవాలు ఇంటికి చేరవని ముందే తేలిన యాత్రలకు అదే పద్ధతి. జుట్టూ గోళ్ళూ కాస్త కాగితంలో మడిచి, పేరు, ఇంటి అడ్రసు రాసి అట్టేపెడతారు. హగివార వేసిన వేషం కూడా సరిగ్గా అదే. తెల్ల కోటు, కత్తెర, పక్కన అన్నం డబ్బా. డబ్బా అడుగున టైమర్ చప్పుడు పట్టే యంత్రం ఉంది. వెనక బాయిలర్ రొద మధ్య అందులోంచి ఏమీ వినబడలేదు. అది నిజంగా అన్నం డబ్బా అయినా బావుండేదనుకున్నాడు.

డెక్ మీద స్టూలు వేశాడు. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. షుజో వంతు వచ్చింది. అన్నను చూసి ఒక్క క్షణం కొయ్యబారిపోయాడు. మరుక్షణం చతికిలబడి మెడ వంచాడు.

"ఏం బార్బరు గారూ, చెవులు మిగులుస్తారా?"

"కదలకుండా ఉంటే ఒకటి మిగలొచ్చు."

"మా అన్న ఒకడున్నాడు లెండి. చిన్నప్పుడు నెత్తి మీద గిన్నె బోర్లించి గొరిగాడు. వారం రోజులు బడికెళ్ళలేదు నేను."

"కనబడితే ఏమన్నా చెప్పమంటారా?"

షుజో తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "ఈ పొట్లం అమ్మకు తనే ఇవ్వాలని చెప్పండి. చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. లేకపోతే గోళ్ళు చూసి కూడా తిడుతుంది ఆవిడ."

హగివార తమ్ముడి జుట్టు మొదలంటా కత్తిరించి, గోళ్ళు తీసి, రెండూ కాగితంలో మడిచాడు.

తర్వాత వచ్చినవాడు నలభై దాటిన సార్జెంటు. తన పేరు తోకుజి అన్నాడు. సైనికుడి యూనిఫాం, చేతిలో తుపాకీ, అన్నీ సరిగానే ఉన్నాయి. గోళ్ళు మాత్రం సైనికుడివి కావు. ఏళ్ళ తరబడి కొలిమి ముందు పనిచేస్తే చర్మంలోకి దిగిపోయే నలుపు అది, సబ్బుకు లొంగదు. కనుబొమ్మల కొసలు కమిలి ఉన్నాయి. బాయిలర్‌మన్! ఇన్‌స్పెక్టర్ అరచేతుల్లో మసి హగివార కళ్ళముందు మెదిలింది. రంగు చూడడానికి ముందరి పొగగొట్టం ఎక్కి, లోపలికి తొంగిచూసి, అక్కడ దాచిన బాంబును చూసి ఉంటాడు పాపం.

ఇంత పకడ్బందీగా వేషం వేసినవాడు గోళ్ళివ్వకుండా తప్పుకోవచ్చు. కానీ తప్పుకోలేదు. ఏమన్నా అయితే ఇంట్లోవాళ్ళ చేతికి ఏదో ఒకటి చేరాలి కదా. ఆ ఒక్క ఆశ దగ్గర దొరికిపోయాడు.

దొరికినవాణ్ణి ఏజెంట్ హగివార వదిలేశాడు.

పొట్లం మడిచి, "తర్వాత ఎవరు?" అన్నాడు. జీవితంలో మొదటిసారి డ్యూటీ తప్పాడు. తప్పుతున్నానని తెలిసే తప్పాడు. ఓడ పోతే పోనీ, తమ్ముడు రేవు మీద నిలబడి ఉంటే చాలు. దేశానికి ఓడలు చాలా ఉన్నాయి. వాళ్ళమ్మకు చిన్నకొడుకు షుజో ఒక్కడే.

అప్పుడు వాన మొదలైంది. జూన్ వాన, గోడలా దిగింది. రేవు మీద వీడ్కోలు బల్లపై పరిచిన తెల్లగుడ్డ తడిసి ముద్దయింది. మెగాఫోన్‌లో ఆర్డరు వినబడింది. "వీడ్కోలు సాకే కింద గదిలో. అందరూ దిగండి."

అంటే బాయిలర్ తీసేసిన గదిలో, చల్లారిన పొగగొట్టం కింద, సరిగ్గా బాంబు కింద.

హగివార కత్తెర పారేసి పరుగెత్తాడు. గది నిండా సైనికులు భుజం భుజం తగిలేలా నిలబడి ఉన్నారు. గిన్నెలు పంచుతున్నారు. షుజో మధ్యలో ఉన్నాడు. ఓ మూల పాలిపోయిన ముఖంతో తోకుజి. హగివార అతని చెయ్యి పట్టుకుని పొగగొట్టంలోకి తెరుచుకునే ఇనప తలుపు వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఇంకా ఎంతసేపుంది?"

తోకుజి బుకాయించలేదు. "తెలీదయ్యా. యాసిడ్ తీగని తింటుంది. తినేశాక అంతే. ఈపాటికి అయిపోవాలి." అతను తలెత్తి పొగగొట్టంలోకి చూశాడు. "పద్దెనిమిదేళ్ళు ఈ ఓడకి నిప్పు పోశాను. ఎక్కడో రాళ్ళమీద విరిగి చావకుండా ఇంట్లో పోనిద్దామనుకున్నా. ఆ పిల్లలు కూడా బతుకుతారని మత్సుబలో ఆవిడ చెప్పింది. ఈ వాన ఎక్కణ్ణుంచొచ్చింది?"

"నేనెక్కుతా, తప్పుకో."

"ఈ చీకట్లో మెట్లు నీకేం తెలుసు? సగం విరిగిపోయాయి." అప్పటికే మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. "నా పొట్లం మా ఇంటిదానికి ఇవ్వు. పేరు దొంగదే గానీ అడ్రసు నిజమే."

పైకి పోయాడు. మసి రాలింది. హగివార ముఖం ఎత్తి నిలబడ్డాడు. గదిలో అందరూ గిన్నెలెత్తారు. పైన పొగగొట్టం మూతి దగ్గర తోకుజి ఆకారం ఒక్కసారి కనబడింది, చేతిలో ఏదో ఉంది. చెయ్యి వెనక్కి వెళ్ళింది. విసిరాడో, విసరబోయాడో చెప్పలేం. ఆకాశం తెల్లగా వెలిగింది.

చల్లారిన పొగగొట్టం ఆఖరుసారి వేడెక్కింది. కింద గదిలో కాస్త సాకే ఒలికింది, అంతే.

పిడుగు పడిందని సైనికులకు చెప్పారు. నలభై ఒకటో నంబరు అనుకున్న వేళకే బయల్దేరింది. రెయిలింగ్ దగ్గర షుజో బోడితల తడుముకుంటూ బార్బరు వైపు చూసి నవ్వాడు. హగివార చెయ్యి ఎత్తాడు. ఓడను కాపాడాడు కాబట్టి అది వెళ్ళిపోయింది.

కినుయొ మర్నాడు రేవులో తేలింది, ఇన్‌స్పెక్టర్ తేలిన చోటే. మెడ చుట్టూ తువ్వాలు. ఏ పక్షం వాళ్ళు బిగించారో నగుర చెప్పలేదు, హగివార అడగలేదు.

మూడు వారాలకు కబురొచ్చింది. గస్తీ బోటు ఆర్డరు ప్రకారం దిబ్బ ఎక్కింది. తిరిగి వచ్చినవాళ్ళు లేరు.

హగివార రెండు పొట్లాలు తీసుకుని రెండు ఇళ్ళకు వెళ్ళాడు. తోకుజి భార్య నల్ల గోళ్ళను చూడగానే పోల్చుకుని, దొంగ పేరు గురించి ఏమీ అడక్కుండా తలుపు వేసుకుంది. హగివార వాళ్ళమ్మ మాత్రం షుజో పొట్లం విప్పి చాలాసేపు చూసింది. "చేతులు కడుక్కున్నాడురా," అంది. అవి కత్తిరించిన చేత్తోనే అతను ఆ పొట్లం మళ్ళీ మడిచి ఇచ్చాడు.

తిరిగొచ్చేసరికి నగుర బల్ల మీద పతకం ఉంది, ఓడను సకాలంలో కాపాడినందుకు. దాని పక్కనే కొత్త ఫైలు.

"ఇంకో ముసలి డిస్ట్రాయర్‌ని కోస్తున్నారు," అన్నాడు నగుర. "మళ్ళీ కొంగలు వాలాయి. ఈసారి ఏ వేషం కావాలో నువ్వే చెప్పు."

హగివార ఫైలు తీసుకున్నాడు. పతకం బల్ల మీదే ఉంది.

"బార్బరు తప్ప ఏదైనా సరేనండి."