గోడవతలి బుల్‌బుల్

గుండుగొలనులో జగన్నాథం మాస్టారికి ఒక పేరుంది. అద్దెకిచ్చిన పోర్షను తలుపు ఆయన తట్టరు. గోడకి మేకు కొట్టినా చూడనట్టే ఊరుకుంటారు. అటువంటి మనిషి ఆ సాయంత్రం ముసురులో, గొడుగైనా లేకుండా వెళ్లి ఉమాకుమారి తలుపు కొట్టారు.

“ఏవండీ, ఆ వాయింపు కాస్త ఆపుతారా?”

ఉమాకుమారి బిత్తరపోయింది. “అపశ్రుతిగా ఉందా అండీ? ఇప్పుడేగా నేర్చుకుంటున్నాను.”

“అపశ్రుతి కాదండీ. బాగుంది. అదే ఇబ్బంది.”

అంతకంటే చెప్పడం చేతకాక ఆయన తడుస్తూనే వెనక్కి వచ్చేశారు. అరవై దాటిన మనిషి కుర్రాడిలా తడబడితే చూడ్డానికి నవ్వొస్తుంది గాని, ఆయన వచ్చింది నిజంగా భయపడే.

ఉమాకుమారి తాడేపల్లిగూడెంలో టైపు నేర్పిన మనిషి. ముందు తమ్ముళ్లు, తరవాత తమ్ముళ్ల పిల్లలు అంటూ పెళ్లి మాట పక్కన పెట్టేసింది. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, కొల్లేటి గాలి ఒంటికి పడుతుందని ఇక్కడికి వచ్చి మాస్టారి రెండో పోర్షనులో దిగింది. పనిలేని వేళ్లు మంచం కోడు మీద కూడా టైపు కొడుతున్నాయని ఆవిడే చెప్పి నవ్వేది. ఆ వేళ్ల బాధ పడలేకే ఏలూరు వెళ్లి ఒక బుల్‌బుల్ కొనుక్కుంది. ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో టైపు మిషనుకున్నట్టే ఉండే మీటలు నొక్కుతూ, కుడి చేత్తో తీగలు పలికించే వాయిద్యం అది.

ఆవిడ మొక్కలకి నీళ్లు పోసే వేళకే మాస్టారికి మోటారు స్విచ్చి గుర్తొచ్చేది. ఆవిడ పనసపొట్టు కూర పంపితే, గిన్నె తోమి ఇవ్వడానికి ఆయనే స్వయంగా వెళ్లేవారు. ఏలూరులో ఉన్న కూతురు ఇందుజ ఇదంతా కనిపెట్టి, “నాన్నా, నువ్వడుగుతావా, నన్నడగమంటావా?” అని ఫోనులో ఆటపట్టించింది. తనే అడుగుతానన్నారు మాస్టారు. ఇస్త్రీ చొక్కా కూడా తీసి పెట్టుకున్నారు.

కానీ ఇంట్లో ఇంకొక బుల్‌బుల్ ఉంది.

అది ఆయన భార్య గాయత్రిది. ఆవిడ పోయాక, ఉమాకుమారి పోర్షనుకి ఆనుకున్న గదిలో బల్ల మీద పెట్టి తాళం వేశారు. శుక్రవారం నాడు మాత్రం తీసి, దుమ్ము తుడిచి, తీగలు బిగించి మళ్లీ తాళం వేస్తారు. ఆ గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. పిల్లి దూరే సందు కూడా లేదు.

ఉమాకుమారి వాయించడం మొదలుపెట్టిన తొలిరోజే ఆ గదిలో ఏదో పలికింది. గోడవతల పాట ఆగింది, గోడకివతల సన్నగా ఝుమ్మని సాగింది. ఎలకలనుకున్నారు. మర్నాడు తలుపుకి చెవి ఆనించి నిలబడ్డారు. అక్కడ పాట ఆగగానే ఇక్కడ మళ్లీ పలికింది. ఎవరో లోపల కూర్చుని, ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అని కాచుకున్నట్టే ఉంది. “గాయత్రీ,” అని పిలిచారు మాస్టారు. చెరువు వైపు నుంచి పక్షులు అరిచాయి.

సరిగ్గా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న సాయంత్రమే అది ఇంకా గట్టిగా పలికింది. గాయత్రికి ఇష్టం లేదన్నమాట అనుకున్నారు. ఆ చొక్కా విప్పి పాతది తొడుక్కుని, ముసురులో వెళ్లి ఆవిడ తలుపు కొట్టింది అప్పుడే.

ఆ తరవాత గోడవతల చప్పుడు లేదు. గదిలోనూ లేదు. కూర గిన్నెలూ రావడం మానేశాయి. ఒకరోజు ఉమాకుమారే గుమ్మంలోకి వచ్చి, ఆదివారం ఖాళీ చేస్తానని, తమ్ముడింటికి తాడేపల్లిగూడెం పోతానని చెప్పింది.

“వేళ్లు కట్టేసుకుని కూర్చోలేనండీ,” అంది.

ఇప్పుడు నోరు విప్పకపోతే ఇక ఈ జన్మకి లేదని మాస్టారికి తెలిసింది. గది సంగతంతా చెప్పేశారు. ఇస్త్రీ చొక్కా సంగతి తప్ప. ఉమాకుమారి నవ్వలేదు. “నేను వాయిస్తాను. మీరు లోపల నిలబడి చూడండి,” అంది.

కరెంటు పోయింది. దీపం పట్టుకుని మాస్టారు గది తాళం తీశారు. ముక్కిపోయిన వాసన కొట్టింది. గోడవతల పాట మొదలై, ఆగింది. ఆయన కళ్లెదుటే, ఎవరూ ముట్టుకోకుండా తీగ వణికింది. ఝుమ్మంది. ఆయన దీపం కింద పెట్టి బల్ల అంచు పట్టుకున్నారు.

ఉమాకుమారి తన బుల్‌బుల్‌తోనే ఇవతలికి వచ్చింది. ఆవిడా విన్నదేమో, మొహం పాలిపోయి ఉంది. “మీ ఆవిడగారి తీగలు ఏ శ్రుతికి బిగిస్తారండీ?”

“సాయంత్రం రైసుమిల్లు సైరన్ వేస్తారుగా, దానికి. గాయత్రి అలాగే చేసేది.”

“నేనూ దానికేనండీ. చెప్పే గురువు లేడుగా.”

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. పదో తరగతికి ఏటా ఆ పాఠం చెప్పింది ఆయనే. రెండు శ్రుతిదండాలు తెచ్చి, ఒకదాన్ని కొడితే రెండోది ఎందుకు పలుకుతుందో చూపించి, దీన్ని అనునాదం అంటారర్రా అని బోర్డు మీద రాసిందీ ఆయనే. వెనక బెంచీ వాళ్లు దెయ్యం దెయ్యం అంటే పగలబడి నవ్విందీ ఆయనే. ఇప్పుడూ నవ్వబోయారు. నవ్వుకి బదులు కళ్లలో నీళ్లొచ్చాయి. ఇన్నాళ్లూ భయపెట్టినా, వచ్చింది గాయత్రే అనుకున్నారు మరి.

ఆయనే లేచి బిరడాలు తిప్పి, తీగలన్నీ వేలాడేదాకా వదులు చేశారు. ఉమాకుమారి గుమ్మంలో కూర్చుని అదే పాట వాయించింది. ఆగింది. గది పలకలేదు. ఆ నిశ్శబ్దం ఆయనకి ముందటి చప్పుడుకన్నా భయంగా తోచింది. ఉమాకుమారి బుల్‌బుల్ పక్కన పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆయన గదిలోకి తిరిగి, బల్లతోనే మాట్లాడారు.

“గాయత్రీ, ఉమాకుమారి గారిని ఇక్కడే నాతో ఉండిపొమ్మని అడుగుదామనుకుంటున్నాను. నీకేమైనా అభ్యంతరమా?”

దీపం రెపరెపలాడింది. బల్ల మీద ఒక్క తీగా కదల్లేదు.

“మౌనం అర్ధాంగీకారమంటారు కదండీ,” అంది ఉమాకుమారి తలెత్తకుండా.

“సగమే కదండీ అది.”

అప్పుడు గదిలో ఝుమ్మంది.

సన్నగా, తీయగా, చాలాసేపు సాగింది. ఉమాకుమారి చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మిల్లు సైరన్‌కి ఇంకా వేళ కాలేదు. బల్ల మీద తీగలు వేలాడుతూనే ఉన్నాయి. మాస్టారికి తెలిసిన పాఠాల్లో దీనికి పాఠం లేదు. ఆయన దీపం అందుకుని, దగ్గరికి వెళ్లి చూడబోయారు.

ఉమాకుమారి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి గాని, వణకడం లేదు.

“చూడకండి. అక్క సరేనన్నాక మళ్లీ అడగడం ఏం మర్యాదండీ?”