నూక లేదు

వంటింట్లో మర తిరుగుతున్న చప్పుడుకి పెద్దాయనకి మెలకువ వచ్చింది. కళ్ళు తెరవకుండానే చెవి పెట్టాడు. చప్పుడు సమంగా ఉంది. ఎక్కడా తడబాటు లేదు. నలభై ఏళ్ళు పిండిమర నడిపిన చెవి అది. మర మంచిదని దానికి తెలిసిపోయింది. ఆ సంగతి ఆయనకి నచ్చలేదు.

భార్య పోయాక కూతురింట్లోనే ఉంటున్నాడు. మూడు నెలల కింద అల్లుడు పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడింది. వీధి చివరి కాఫీ షాపులో మనిషి కావాలన్నారు. సోమవారం పరీక్ష. వరసగా మూడు ఎస్ప్రెస్సోలు కుదిరితే చేర్చుకుంటానంది యజమానురాలు. అందుకని అల్లుడు ఇంట్లోనే సరంజామా అమర్చుకున్నాడు. కాఫీ మెషిన్ ఎవరో వాడి వదిలేసింది. ఆవిరి గొట్టం కారుతుంటే తెల్ల టేపు చుట్టాడు. తూకానికి వంటింటి త్రాసే. చేతిలో ఉన్న డబ్బంతా కాఫీ గింజలు పొడిచేసే మర మీద పెట్టాడు.

"మెషిన్‌కి టేపు, మరకి కిరీటం," అన్నాడు పెద్దాయన అది వచ్చిన రోజున.

"పొడి బాగుంటే మెషిన్ ఎలాంటిదైనా సర్దుకోవచ్చట మావయ్యా."

"అట!"

అల్లుడు చెప్పింది అక్షరాలా నిజం. అది ఈ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు పెద్దాయనే.

ఆ పొద్దున, పాతిక ముప్ఫై సెకన్లు పట్టాల్సిన కాఫీ పన్నెండు సెకన్లకే బొళబొళా కారిపోయింది. కూతురు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"నిమ్మరసం బ్రహ్మాండంగా ఉందండీ. కాఫీ ఎప్పుడిస్తారు?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. మొదటి కప్పు రోజూ కూతురికే. ఉద్యోగం లేని మగాడు, ఆఫీసుకి వెళ్ళే పెళ్ళానికి కప్పు అందిస్తూ నవ్వుతున్నాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దాయనకి ఒళ్ళు మండింది.

"మావయ్యా, మీరొకసారి చూసి చెప్పండి." అల్లుడు అరచేతిలో పొడి పట్టుకొచ్చాడు.

పెద్దాయన చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాశాడు. ప్రతి రేణువూ పక్కదానికి కవలలా ఉంది. కాస్త బరక, అంతే. మర రెండు గీతలు బిగిస్తే సరిపోతుంది. ఒక్క మాట చెప్తే చాలు.

"నూక," అన్నాడు. "సగం పిండి, సగం నూక. దీన్ని ఎంత తిప్పినా ఇంతే. నిన్ను ముంచేశారు బాబూ."

అల్లుడి మొహం వాడిపోయింది. పెద్దాయన లోపల ఏదో చల్లబడింది. నాలుగు రోజులు చల్లగానే ఉంది.

ఆ నాలుగు రోజుల్లో అల్లుడు మర ముట్టుకోలేదు. శనివారం మధ్యాహ్నం కూతురు విరుచుకుపడింది.

"ప్రాక్టీసు మానేసి కూర్చుంటే ఎలాగండీ?"

"నూకతో ఏం ప్రాక్టీసు చెయ్యను? మంచి మరకీ చెడ్డ మరకీ తేడా తెలియనివాణ్ణి. వాళ్ళ ముందు ఏం నిలబడతాను? సోమవారం వెళ్ళను."

"అయితే అమ్మేద్దాం. నాన్న వేలు ఎప్పుడూ తప్పు చెప్పలేదు."

పేపరు వెనకాల ఉన్న పెద్దాయనకి ఆ మాట సూటిగా తగిలింది. అయినా పేపరు దించలేదు.

ఆదివారం పొద్దున మర కొనడానికి హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. మరని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక గుప్పెడు గింజలు వేసి ఆడించింది.

"కొత్తదిలా ఉందే! ఎందుకు అమ్ముతున్నారు?"

పెద్దాయన చెవులు రిక్కించాడు. ఏదో ఒకటి చెప్పి వదిలించుకుంటాడనుకున్నాడు. తనయితే అదే చేసేవాడు.

"నూక వస్తోందమ్మా," అన్నాడు అల్లుడు. "ముందే చెప్పాలి కదా, తర్వాత మీరు బాధపడకూడదు. నాకైతే తెలియలేదు. మా మావయ్య చెప్పారు. నలభై ఏళ్ళు మర నడిపిన మనిషి. వేలితో తాకితే చాలు, ఆయనకి తెలిసిపోతుంది."

ఆ గొంతులో ఎగతాళి లేదు, ఎత్తిపొడుపు లేదు. గర్వం ఉంది. మామగారి గురించి గర్వం.

పెద్దాయన తల వంచుకున్నాడు. నలభై ఏళ్ళలో పిండి గురించి ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఆ వేలి మాట ఒక్కటే తన జీవితంలో మచ్చలేనిది. మిగతాదంతా మచ్చే. భార్య రోజూ రెండు పూటలా కాఫీ ఫ్లాస్కుతో మర దగ్గరికి నడిచి వచ్చేది. మంచాన పడ్డాక ఒకనాడు, "కాస్త కాఫీ పెట్టిస్తారా?" అని అడిగింది. "లేచి పెట్టుకో," అన్నాడు. లేవలేదామె. మళ్ళీ అడగనూ లేదు. ఈ వంటింట్లో ప్రతి పొద్దునా ఆ కప్పు చేతులు మారుతుంటే ఆయనకి అదే వినపడేది. వినలేకే పొడిని తప్పుపట్టాడు.

"అయితే ధర తగ్గించండి," అంటోంది ఆ అమ్మాయి.

"నూక లేదు," అన్నాడు పెద్దాయన.

ముగ్గురూ తిరిగి చూశారు.

"నూక లేదమ్మా. ఏ రోజూ లేదు. అబద్ధం చెప్పాను. నువ్వెళ్ళు, ఇది అమ్మటం లేదు."

ఆ అమ్మాయి వాళ్ళ మొహాలు చూసి, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

"ఎందుకు నాన్నా?" అంది కూతురు. "ఆయన నాలుగు రోజుల్నించి అన్నం సరిగా తినట్లేదు. చూశావుగా నువ్వు? ఎందుకు?"

"మీ అమ్మకి నేనొక్కసారీ కాఫీ ఇవ్వలేదే." అన్నాడు పెద్దాయన.

కూతురు ఓదార్చలేదు. ముఖం తిప్పుకుని కిటికీ వైపు నిలబడింది. ఓదారిస్తే తప్పయ్యేది.

అల్లుడు మర దగ్గరికి వెళ్ళాడు. కోపం మింగుతున్నాడని తెలుస్తోంది.

"ఎన్ని గీతలు బిగించాలి?" అని అడిగాడు.

"రెండు."

పెద్దాయన లేచి వచ్చి, చెవి ఆనించి, తనే బిగించాడు. గింజలు పడ్డాయి. వేలితో రాసి చూసి తలూపాడు. అల్లుడు పొడి నింపి నొక్కి మీట వేశాడు. ఈసారి కాఫీ తేనెలా సన్నటి ధార కట్టింది. ఇరవై ఎనిమిది సెకన్లు.

అల్లుడు అలవాటుగా కప్పు పెళ్ళానికి ఇవ్వబోయి, ఆగి, మామగారి చేతిలో పెట్టాడు. తాగమని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పెద్దాయన ఆ కప్పు పట్టుకుని కిటికీ దాకా నడిచాడు. నాలుగడుగులే. నడకకి కొంచెం సాసర్లో ఒలికింది. కూతురు తిరగలేదు. ఆయన కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అది చల్లారేలోపు ఆమె చెయ్యి చాపింది.