కొండ మీద గాలి లెక్క

"తుపాకీ ఇవ్వను. ఒళ్లంతా వెతుకుతారు," అన్నాడు కర్నల్ ఇబార్రా. "ఆ విదేశీ ముఠా షూటర్ పక్కన ఉండి గురి చూసి చెప్పే లోకల్ మనిషి కావాలట. నువ్వే ఆ మనిషివి."

"టార్గెట్ ఎవరు సార్?"

కర్నల్ ఫొటో ముందుకు తోశాడు. కసిమీరా పిన్ని. మా లిథియం విదేశీ ముఠా పాలు కానివ్వనని మొండికేసిన నాయకురాలు. ఏజెంట్ రుఫీనో కిస్‌బెర్ట్‌ను పెంచి పెద్ద చేసిన మనిషి. అతను ఫొటో వెనక్కి తోశాడు.

"శనివారం సభ ఆపించండి."

"అడిగాను. ఎవడికి భయపడి ఇంట్లో కూచోమంటావురా అని నన్నే దులిపేసింది."

శనివారం పొద్దున, నాలుగు వేల మీటర్ల ఎత్తున కొండ మీద ఉన్న ఎల్ ఆల్టోలో, సగం కట్టి వదిలేసిన మేడ పై అంతస్తులో, మాజీ సైనికుడి వేషంలో రుఫీనో బైనాక్యులర్ పట్టుకుని బోర్లా పడుకున్నాడు. పక్కన రైఫిల్‌తో షూటర్ డ్రాగోమిర్. సముద్రం ఒడ్డున పెరిగినవాడు. మా ఎత్తు వాడికి పడలేదు. కోకా ఆకుల టీ ఎంత తాగినా తలనొప్పి తగ్గలేదు.

వెనక ఎర్రకోటు యొవానా. ఆమె పిస్టల్ రుఫీనో వీపుకు ఆని ఉంది. లా పాజ్ పిల్ల. మాకూ ముఠాకూ, రెండు పక్షాలకూ పనిచేస్తుంది. ఇవాళ ఏ పక్షమో ఆ తల్లికే తెలియాలి.

తొమ్మిది వందల మీటర్ల దూరంలో కొత్త మార్కెట్ వేదిక. పిన్ని మైకు ముందుకొచ్చింది. భూదేవికి సారా చిలకరించడం మొదలైంది. టపాకాయలు పేలుతున్నాయి. ఆ మోతలో తుపాకీ చప్పుడు ఎవరికీ వినబడదు.

"గాలి పీడనం?" అడిగాడు డ్రాగోమిర్. సోదాకు భయపడి పీడనం కొలిచే తన మీటరు సరిహద్దు దగ్గరే పారేశాడు.

"వెయ్యి ముప్పై మిల్లీబార్లు. ఎయిర్‌పోర్టు చెప్పింది."

"నిజమేనా?" డ్రాగోమిర్ యొవానా వైపు తిరిగాడు.

ఆమె రేడియో పెట్టింది. రేడియో కూడా వెయ్యి ముప్పై అంది.

అది విమానాల కోసం సముద్రమట్టానికి సరిచేసి చెప్పే అంకె. ఒడ్డున రెండూ ఒకటే కాబట్టి వాడికి అనుమానం రాలేదు. మా కొండ మీద అసలు పీడనం ఆరొందలు దాటితే గొప్ప. పలచటి గాలిలో గుండు అంతగా కిందికి జారదు. చిక్కటి గాలి అనుకుని గొట్టం ఎత్తితే తల మీదుగా పోతుంది. ఈ సంగతి యొవానాకు తెలుసా? తెలిసినా నోరు మూసుకుంటుందా?

డ్రాగోమిర్ గురి లెక్కలు కట్టే యంత్రంలో ఆ అంకె నొక్కాడు. స్కోపు తిప్పాడు. కాల్చాడు.

పిన్ని ఇంకా సారా చిలకరిస్తూనే ఉంది. ఆమె వెనక ఉత్త ఆకాశం. గుండు ఎటుపోయిందో డ్రాగోమిర్‌కు అంతుపట్టలేదు.

"ఎక్కడ తగిలింది?"

"కింద," అన్నాడు రుఫీనో. "ఇంకా బాగా పైకెత్తు."

వాడు ఎత్తాడు. రెండో గుండు ఇంకా పైనుంచి పోయింది. డ్రాగోమిర్ కళ్లు మెల్లగా రుఫీనో మీదికి మళ్లాయి. చెయ్యి కత్తి మీదికి పోయింది.

పిస్టల్ రుఫీనో వీపును వదిలి డ్రాగోమిర్ మెడకు ఆనింది.

"కదిలితే ఈ దూరానికి ఏ లెక్కా అక్కర్లేదు," అంది యొవానా.

వాడికి సంకెళ్లు వేశాక రుఫీనో మండిపడ్డాడు. "మొదటి గుండుకే పట్టుకోవచ్చుగా! ఆవిడ మా పిన్ని!"

"తెలుసు," అంది యొవానా, కోటు దులుపుకుంటూ. "నువ్వు ఎవరి మనిషివో నాకూ తేలాలిగా."