హంసలు లేని విల్లు

“హంసలేవి?”

విల్లు చేతికందగానే ఇంద్రజ అడిగిన మొదటి మాట అది. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

చేతులు తుడుచుకుంటున్న నిరంజన్ గుడ్డను అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఢిల్లీ సాకేత్ మెట్రో వెనక సందులో, నేల కింద ఉంది అతని వర్క్‌షాపు. లోపల రంపపు పొట్టు వాసన. మెట్ల మీంచి వాన చినుకులు పిలవని చుట్టాల్లా దిగి వస్తున్నాయి.

“ముందు ఒకసారి లాగి చూడండి,” అన్నాడు.

“లాగడం తర్వాత. మా అమ్మ చీర అంచులోని హంసలు ఈ కొస నుంచి ఆ కొస దాకా వరసగా ఉండాలి. బొమ్మ గీసి మరీ ఇచ్చాను. ఏవి?”

విల్లు అందంగానే ఉంది. ఆమె కోపాన్ని ఇంకా పెంచింది అదే. పల్చటి వెదురు పట్టీల మీద చిలకపచ్చ పట్టు, దాని మీద గాజులా మెరిసే ఫైబర్‌గ్లాస్ పొర. నీళ్ల అడుగున చీర పరిచినట్టుంది. కానీ జరీ పోగు ఒక్కటి లేదు. మధ్యలో పిడి అయితే పాలిష్ కూడా లేకుండా వట్టి చెక్కలా ఉంది.

ఆ పట్టు, ఇంద్రజ తల్లి జానకీదేవి మొదటి జీతంతో కొనుక్కున్న వెంకటగిరి పట్టుచీర. ఢిల్లీలో ముప్ఫై నాలుగేళ్ల ప్రభుత్వోద్యోగంలో ముఖ్యమైన రోజులన్నిటికీ ఆవిడ అదే కట్టింది. మడతల దగ్గర చీలిపోయాక, “బీరువాలో చివికిపోయే కంటే విల్లయి నీ చేతిలో ఉంటుంది,” అని కూతురికిచ్చేసింది.

“జరీకి జిగురు పట్టదు,” అన్నాడు నిరంజన్. “పట్టులోకైతే జిగురు ఇంకి, కింద చెక్కని పట్టుకుంటుంది. జరీ మెటల్ కదా, ఇంకదు. విల్లు వంగినప్పుడల్లా లోపల పొర కొంచెం కొంచెం లేస్తుంది. ఏదో ఒక రోజు ఫుల్లుగా లాగినప్పుడు ఫట్‌మని, మీ మొహం దగ్గరే.”

“ఆ ముక్క ముందు చెప్పాలి.”

“కాల్ చేశాను. ఆప్‌నే బ్లాక్ కర్ దియా.”

నిరంజన్ ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. భయమేస్తే హిందీలోకి జారిపోతాడు. అతనన్నది నిజమే. పోయిన నెల తనకి నలభై పౌండ్ల బలంతో లాగే విల్లు కావాలని ఆమె, ఆ భుజానికి ముప్ఫై చాలని అతను ఫోన్లో పోట్లాడుకున్నారు. చివరికి ఆమె అతని నంబర్ బ్లాక్ చేసి పారేసింది.

తప్పు తనదని గుర్తొస్తే కోపం తగ్గాలి. ఇంద్రజకి ఇంకో మెట్టెక్కింది.

“గురుగ్రామ్‌లో నా ఆఫీసుంది, మెయిల్ ఉంది. పోనీ ఆగొచ్చుగా! ఒకసారి అతికితే ఊడదని తెలిసీ జిగురు పోసేశావు. నా మంచికేనని మేనేజర్ నా ప్రాజెక్ట్ మార్చేస్తాడు. నా మంచికేనని అన్నయ్య సంబంధాలు చూసేస్తాడు. ఇప్పుడు నువ్వు! నా మంచి నాకు తప్ప అందరికీ తెలుసు!”

“‘నువ్వు’ అన్నారు,” అన్నాడతను మెల్లగా.

“అంటాను! ఇంకా చాలా అంటాను. అంచుని ఏం చేశావు? చెత్తలో వేశావా?”

అతను ఒక అట్టపెట్టె దించాడు. దాన్నిండా జానెడేసి వెదురు పట్టీలు, ఒక్కోదాని మీద ఒక్కో జరీ ముక్క. ఒకటి తీసి రెండు చేతులా వంచాడు. ఫట్. పైనున్న పొర పెచ్చులా లేచిపోయింది. రెండోదీ అంతే.

ఇంద్రజ అతని చేతిలోంచి పట్టీ లాక్కుంది. “ఇవి అమ్మ చీరవా?”

“అరే, నహీ! కినారీ బజార్లో కొన్నాను. జరీ గీకి చూశాను, పోగులు వదులు చేసి చూశాను, జిగురు మార్చి చూశాను. ఏదీ నిలవలేదు. మీ అంచు ఇదిగో.”

పల్చటి మల్లు గుడ్డలో చుట్టి ఉంది అంచు. హంస ఒక్కటీ చెదరలేదు. ఇంద్రజ కత్తిరింపు వైపు చూసింది. గుడ్డలోంచి ఒక పోగు లాగి, ఆ గీత వెంటే కత్తెర నడిపాడు. వాళ్ల టైలర్‌కి కూడా అంత ఓపిక లేదు.

“ఇంత చేసినవాడివి, ఇంటికొచ్చి ఒక మాట చెప్పలేకపోయావా?”

“వచ్చాను. మీరు ఆఫీసులో ఉన్నారు. ఆంటీ కాఫీ ఇచ్చారు.”

“అమ్మకి తెలుసా!”

అప్పటికప్పుడు ఫోన్ తీసి స్పీకర్లో పెట్టింది. “అమ్మా, నిరంజన్ ఇంటికొచ్చాడా?”

“వచ్చాడే. చెప్తే అరుస్తావని చెప్పలేదు,” జానకీదేవి గొంతు నింపాదిగా ఉంది. “చీర నాది కనుక పట్టు వాడుకోమన్నాను. విల్లు నీది కనుక మిగతాది నిన్నే అడగమన్నాను. అడిగాడా?”

“ఎక్కడడిగాడు!”

“నువ్వు అడగనిస్తేగా! పప్పు పొయ్యి మీదుంది, ఉంటా.”

ఫోన్ ఆగిపోయాక నిరంజనే ముందు నోరు విప్పాడు. “తప్పు నాదే. ఆంటీ ఒప్పుకున్నారు కదాని మీ దగ్గరికి రావడం మానేశాను. మీరు కోప్పడితే నాకు రెండు రోజులు పని సాగదు.”

ఆ చివరి మాట విననట్టే ఉండిపోయింది ఇంద్రజ. “మిగతాది అంటే ఏమిటి?”

“ఇక్కడ.” పిడి చూపించాడు. “ఈ చోట విల్లు వంగదు. ఒక హంసని పెడితే ఊడదు. కానీ అంచు కత్తిరించాలి. మిమ్మల్ని అడగకుండా ముట్టుకోలేదు.”

ఆమె విల్లు ఎత్తి పట్టుకుంది. పై సగంలో, సరిగ్గా కళ్లకెదురుగా, పట్టు మీద చిన్న రఫూ కనిపించింది. చీర రంగుతో పూర్తిగా కలవని పచ్చదారం, అమ్మ చేతి కుట్టు.

“ఇంత మంచి గుడ్డ ఉండగా, ఈ చిరుగు ఎందుకు పెట్టావు?”

“మీకు మూడేళ్లప్పుడు, ఆంటీని ఆఫీసుకి వెళ్లనివ్వకుండా పట్టుకు లాగితే చిరిగిందట. అంత కోపం లేకుండా అది మీ విల్లెలా అవుతుంది?”

ఇంద్రజ ఆ కుట్టు మీద వేలు నడిపింది. కోపం ఎక్కడ పెట్టానా అని ఒక్క క్షణం వెతుక్కుంది. అదృష్టం, దొరికింది.

“జిగురు కలుపు.”

“ఇప్పుడా? కలిపాక అరగంటే టైమ్. మధ్యలో పోట్లాట కుదరదు.”

“పోట్లాడుతూనే చేస్తా. కత్తెర ఇలా ఇవ్వు. అమ్మ అంచు నేనే కత్తిరిస్తాను.”

కత్తిరించింది. అతను జిగురు రాస్తే, ఆమె హంసని పరిచి, గాలి బుడగ లేకుండా వేలితో మెల్లగా అదిమింది. పైన చిన్న ఫైబర్‌గ్లాస్ ముక్క పెట్టి, చెరో వైపు క్లాంపులు బిగిస్తుంటే ఇద్దరి తలలూ దగ్గరయ్యాయి. పైన వాన జోరందుకుంది.

“నాకు చెప్పకుండా ఇంకేమైనా నిర్ణయించేశావా?”

“ఒకటుంది. నా సగం నిర్ణయించేశాను. మిగతా సగం మీది.”

“అమ్మని అడిగావా?” ఆమె గొంతులో ప్రమాదం ఉంది.

“లేదు. ఈసారి ముందు మిమ్మల్నే.”

“అయితే అడుగు. తెలుగులో, పూర్తిగా.”

రెండుసార్లు హిందీలోకి జారాడు. రెండుసార్లూ మొదటి నుంచి చెప్పించింది. మూడోసారి గిన్నెలో మిగిలిన జిగురు గట్టిపడుతుండగా, ‘పెళ్లి’ అన్న మాటతో సహా వాక్యం పూర్తి చేశాడు.

ఇంద్రజ క్లాంపు ఇంకో చుట్టు బిగించింది. గొడుగు తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

నిరంజన్ పిడి వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అతని ఫోన్ టింగుమంది. నెల రోజులుగా మూగబోయిన నంబర్ నుంచి మెసేజ్:

“సరే. కానీ నలభై పౌండ్ల సంగతి ఇంకా తేలలేదు.”