కోల్డ్‌రూమ్‌లో ప్రాక్సీ

డిటెక్టివ్ ఆఫీసులో నర్సును కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు వైపు రెండుసార్లు చూసి, కోటు జేబులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని తాకిన వేళ్ళను కోటుకు తుడుచుకుంది.

చీటీ మీద టైపు చేసి ఉంది: “నిన్న మూడుసార్లు ఆ పేజీ తెరవబోయావు. ఇక మానుకో.”

“పొద్దున జేబులో దొరికింది సార్. నిజంగా మూడుసార్లే. అప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు కూడా.”

పక్కన కూర్చున్న మేనకోడలు ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆమె మేనమామ టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్ళు తెగిన లైన్లు వెతికాడు. ఉద్యోగం వదిలి అపరాధ పరిశోధనలో దిగినా అందరికీ ఆయన లైన్‌మాన్‌గారే. ఆయనంత తెలివైనవాడు లేడని ఆమె నమ్మకం. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినప్పుడు మాత్రం ఆ నమ్మకం కాస్త సడలేది.

నర్సు చెప్పిన సంగతి ఇది. పది రోజుల్లో, మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన ముగ్గురికి ఊపిరి ఆగబోయింది. ఇద్దరు తేరుకున్నారు. మూడో మనిషి, ఒక ముసలాయన, రెండు రోజులుగా కళ్ళు తెరవలేదు. మందుల కంపెనీ లోపమున్న బ్యాచ్‌లను వెనక్కి పిలిస్తే, ఆ వివరాలు వాళ్ళ వెబ్‌సైట్లో పెడుతుంది. రోజూ అది చూడటం నర్సు పని. తొమ్మిది రోజులుగా ఆస్పత్రిలో ఆ పేజీ తెరుచుకోవడం లేదు.

“బయట చూడలేదా?” అన్నాడు లైన్‌మాన్.

ఆమె బటన్ల ఫోన్ చూపించింది. “నాకున్నది ఇదే సార్. సైటే పాడైందన్నారు, నమ్మాను. మధ్యాహ్నం పోలీసులొస్తున్నారు. ముగ్గురికీ సూది గుచ్చింది ఈ చెయ్యే.”

లైన్‌మాన్ తన కంప్యూటర్లో ఆ పేజీ అడిగాడు. వెంటనే తెరుచుకుంది. నర్సు చెప్పిన బ్యాచ్ నంబరే మొదటి వరుసలో ఉంది. వెనక్కి పిలిచి పదకొండు రోజులైంది. ఆయన అప్పటికప్పుడు సూపరింటెండెంట్ డాక్టరమ్మకు ఫోన్ చేసి ఆ ఇంజెక్షన్లన్నీ ఆపించాడు.

“సీసాల సంగతి అయింది అమ్మడూ. ఇక చీటీ రాసిన మనిషి సంగతి చూద్దాం పద,” అన్నాడు మేనకోడలితో.

ఆస్పత్రి కంప్యూటర్లన్నీ ఒకే మిషన్ ద్వారా బయటి ప్రపంచానికి వెళ్తాయి. దాని పేరు ప్రాక్సీ. ఒకసారి చూసిన పేజీకి నకలు దాచుకుని, మళ్ళీ ఎవరైనా అడిగితే ఆ నకలే ఇస్తుంది. సిస్టమ్స్ గదిలో వేడెక్కి ఆగిపోతోందని దాన్ని మందుల స్టోరులోని కోల్డ్‌రూమ్‌లో పెట్టారు. తాళాలు రెండే. ఒకటి కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ అతని దగ్గర, రెండోది స్టోర్ ఇన్‌చార్జి దగ్గర.

ఇన్‌చార్జి పెద్దమనిషి. నర్సును చూసి, “ధైర్యంగా ఉండు తల్లీ. ఆ పేజీ సంగతి మాకేం తెలుస్తుంది? స్టోరులో దాన్ని ఎవరూ చూడరు,” అని తాళం తీశాడు.

లోపలి చలికి మేనకోడలి దవడలు టకటకా కొట్టుకున్నాయి. ఇన్‌చార్జి బయటే ఉండిపోయాడు. లైన్‌మాన్ అసలు లేనే లేని ఒక సైటు పేరు కల్పించి టైప్ చేశాడు. ఆమె గడియారం చూస్తోంది. ఇరవై రెండు సెకన్లకు “పేజీ తెరుచుకోలేదు” అని వచ్చింది. కంపెనీ పేజీ అడిగితే అదే మాట రెప్పపాటులో వచ్చింది.

“అది నకలు సార్,” అన్నాడు సిస్టమ్స్ అతను. “ఒకసారి తెరుచుకోకపోతే ఆ మాటే దాచిపెట్టి కాసేపు చూపిస్తుంది.”

“అయితే నకళ్ళన్నీ తుడిచెయ్యి.”

తుడిచాడు. మళ్ళీ రెప్పపాటులోనే జవాబు.

“నువ్వు ఆపేసిన సినిమా సైటొకటి అడుగు.”

అదే మాట, అంతే వేగంగా. సిస్టమ్స్ అతని మొహం పాలిపోయింది. “ఆపేశానని తెలిస్తే అందరూ నా మీదికి యుద్ధానికొస్తారు సార్. అందుకే పాడైనట్టు చూపిస్తాను.”

లైన్‌మాన్ ఫిర్యాదుల పుస్తకం అడిగాడు. కంపెనీ పేజీ రావడంలేదని రాసినవాళ్ళు ముగ్గురు: నర్సు, వార్డు డాక్టరు, ఫార్మసిస్టు. తొమ్మిది రోజుల కిందటి పుట ఖాళీ. “ఆరోజు సెలవు సార్, మా అమ్మ కంటి ఆపరేషన్,” అన్నాడతను. తర్వాత మిషన్ లాగ్ తెరిచాడు. ఏ కంప్యూటరు ఏ పేజీని ఎన్నింటికి అడిగిందో అందులో ఉంది. మేనకోడలు దాన్ని రాసుకుంది.

పదకొండున్నరకు అందరూ డాక్టరమ్మ గదిలో చేరారు. నర్సు గోడకు ఆనుకుని నిలబడింది.

“బయటికి వెళ్ళి వెతికిన మిషన్‌కి టైం పడుతుంది,” అన్నాడు లైన్‌మాన్. “నకళ్ళు తుడిచాక కూడా రెప్పపాటులో లేదన్నదంటే, అసలు వెళ్ళనే లేదు. వెళ్ళొద్దని ఎవరో చెప్పారు. ఆపేసిన సైట్ల జాబితాలో, సినిమా సైట్ల కింద, ఈ పేరుంది. చేర్చింది తొమ్మిది రోజుల కిందట.”

డాక్టరమ్మ సిస్టమ్స్ అతని వైపు తిరిగింది.

“ఆరోజు ఇతను సెలవు. మరి నీ బదులు మిషన్ ఎవరు చూస్తారు నాయనా?”

“నేను ఫోన్లో చెప్తే... ఇన్‌చార్జిగారే. జాబితాలో చేర్చడం, లాగ్ చూడటం ఆయనకి నేర్పాను.”

“ఆ పేజీ అడిగినవి నాలుగు కంప్యూటర్లు. మూడింటి మనుషులు ఫిర్యాదు చేశారు. నాలుగోది రోజూ ఎనిమిదింటికి ఒక్కసారి అడిగింది. తొమ్మిది రోజులూ పేజీ రాలేదు. దాని మనిషి ఒక్క మాట అనలేదు. అది స్టోరు కంప్యూటరు. ఎవరూ చూడరన్నారు కదండీ?”

ఇన్‌చార్జి నేలకేసి చూస్తూ చెప్పాడు.

“కంపెనీ ఉత్తరం ముందే వచ్చింది. సొరుగులో పడేసి మర్చిపోయాను. మొదటి మనిషికి అలా అయ్యాక గుర్తొచ్చింది. పేజీలో తేదీ చూస్తే నన్నే అడుగుతారని భయమేసి దాన్ని ఆపేశాను. లాగ్‌లో నర్సు మూడుసార్లు అడిగింది చూసి, ఆ చీటీ జేబులో వేసిందీ నేనే.”

“సీసాలైనా వెనక్కి తీసుకోవచ్చుగా!” డాక్టరమ్మ కేక వేసింది.

“ఎందుకు తీసుకున్నావంటే ఏం చెప్పను మేడమ్?”

మేనకోడలికి కోల్డ్‌రూమ్‌లో కన్నా ఇక్కడ ఎక్కువ చలేసింది. ఇతను రాక్షసుడు కాదు. తిట్లు తప్పించుకోవడానికి మరో ఇద్దరు రోగుల్ని బలిపెట్టబోయిన మామూలు ఉద్యోగి. అందుకే ఆమెకు అంత భయం కలిగింది.

నర్సు గోడ వదిలి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“రోజూ పొద్దున్నే ఆ పేజీని మనిద్దరం అడిగాం బాబాయిగారూ. నేను తెరుచుకోవాలని, మీరు తెరుచుకోకూడదని.”

ఆయన కోల్డ్‌రూమ్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. పోలీసులు వచ్చేదాకా డాక్టరమ్మ ఆయన్ని గది కదలనివ్వలేదు.

మూడో రోజు ఆఫీసు ఫోన్ మోగింది. అవతల నర్సు ఏడుస్తూ నవ్వుతోంది. ముసలాయన కళ్ళు తెరిచాడట. తెరవగానే, సూది అంత మోటుగా గుచ్చుతారా అని ఆమెను చెడామడా తిట్టాడట.

“మావయ్యా, తిట్టాడంట!” అంది మేనకోడలు.

లైన్‌మాన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కేసు నోట్‌బుక్‌లో ఆ తిట్టు కూడా రాయమన్నాడు.